ఫిలాసఫీలో మలినం, మైక్రోబయాలజీలో క్రిమి: ఏది రాయాల, ఏది నమ్మాల?

భార్గవి (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. నేను బి.ఎన్.వై.ఎస్. (ప్రకృతి వైద్యం, యోగా డిగ్రీ) రెండో సంవత్సరం. మాది ప్రొద్దుటూరు, చదివేది వేరే ఊర్లో.

పోయినేడు నేచర్ క్యూర్ ఫిలాసఫీ పేపర్లో "రోగాలన్నీ ఒక్కటే, కారణం ఒక్కటే, చికిత్స ఒక్కటే" అని మూడు పేజీలు రాసినాను. రోగానికి మూలం క్రిములు కావు, ఒంట్లో పేరుకున్న మలినం అని రాసినాను. మంచి మార్కులే వచ్చినాయి. ఈ ఏడు మైక్రోబయాలజీ. కలరాకు ఒక క్రిమి, టైఫాయిడ్‌కు ఒకటి, క్షయకు ఒకటి. దేనికి ఏ పరీక్ష, దేనికి ఏ మందు అని చదవాల.

సెలవులకు ఇంటికి వస్తే మా అవ్వకు చలిజ్వరం. "డాక్టరమ్మవి కదా, ఏం చేద్దాం చెప్పు" అని ఇంట్లో అందరూ నా మొగం చూస్తాండారు. జ్వరం శరీరం చేసుకునే శుద్ధి, దాన్ని అణచకూడదు అని నేను చదివిన మాట. తడిగుడ్డ పట్టీ వేసి, గంజి తాపి, రాత్రంతా పక్కనే కూర్చున్నా. తెల్లారేసరికి అవ్వ మాట తేడాగా వస్తాంటే భయపడి ఆసుపత్రికి తీసుకపోయినాము. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. యాంటీబయాటిక్ ఎక్కించినారు, నాలుగు రోజులకు లేచి తిరిగింది.

అవ్వ బాగయింది, సంతోషమే. కానీ ఆ రాత్రి నేను చేసింది తప్పా? నేను చదివే శాస్త్రాన్ని నేనే నమ్మలేదా? తెలిసినవాళ్లు చెప్పండి.

రాయప్ప, రిటైర్డ్ టీచర్ (జమ్మలమడుగు)

అమ్మా భార్గవీ, ముందు ఆ మాట ఎవరిది, ఎప్పటిది అనేది చూడాల. "రోగం ఒక్కటే" అన్నది జర్మనీలో లైప్‌జిగ్ నగరపు లూయీ కూనే. ఆయన వైద్యం చదివిన మనిషి కాదు. తన జబ్బులకు డాక్టర్ల దగ్గర గుణం కనపడక నీళ్ల చికిత్స పట్టుకున్నాడు. 1883లో సొంత చికిత్సాలయం తెరిచినాడు. అంతకు ఒక్క ఏడు ముందు, 1882 మార్చి 24న, బెర్లిన్‌లో రాబర్ట్ కోహ్ క్షయ క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించినాడు. అంటే ఈ రెండు ఆలోచనలూ ఒకే దేశంలో, ఒకే కాలంలో ఎదురెదురుగా నిలబడి పెరిగినాయి. క్రిమిని చూసినారు గానీ చంపే మందు అప్పటికి చేతిలో లేదు. పెన్సిలిన్ జాడ దొరికింది 1928లో. మందు లేని కాలంలో పాదరసాలు తాపి మనిషిని గుల్ల చేసే వైద్యం కంటే చన్నీళ్ల తొట్టి, పత్యం మేలుగా కనపడినాయంటే అందులో వింతేముంది?

మన తెలుగువాళ్లకు ఇందులో పెద్ద వాటా ఉంది. కూనే పుస్తకాన్ని డి. వెంకట చలపతి శర్మ గారు 1894 ప్రాంతంలో తెలుగు చేసినారు. ఈ దేశంలో ప్రకృతి చికిత్స మళ్లీ తల ఎత్తింది ఆ తెలుగు అనువాదంతోనే అని చరిత్ర రాసేవాళ్లంతా ఒప్పుకుంటారు. హిందీ, ఉర్దూ అనువాదాలు ఆ తరువాత పదేండ్లకు వచ్చినాయి. తరువాత భీమవరంలో వేగిరాజు కృష్ణంరాజు గారు, మన కాలంలో మంతెన సత్యనారాయణ రాజు గారు.. ఆ వరసంతా మనదే. మా నాయన కాలానికే ఊర్లో "తొట్టి స్నానం" అంటే తెలియనివాళ్లు తక్కువ.

కాబట్టి కూనేను గౌరవించు తల్లీ. కానీ ఆయన పుస్తకం పంచాంగం కాదు, ఆ కాలపు వాదం అని తెలుసుకుని చదువు.

నల్లరేగడి (కర్నూలు)

పాపా, నేను పద్నాలుగేండ్లుగా ప్రకృతి వైద్యం ప్రాక్టీస్‌లో ఉండా. నీ ప్రశ్న నన్ను నా రెండో ఏటికి తీసుకపోయింది. నాకూ ఇదే తికమక. అప్పుడు అడగడానికి ఎవరూ దొరకలేదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తాండా.

ఆ రాత్రి నువ్వు చేసిన తప్పు ఒకటుంది. ఆసుపత్రికి పోవడం తప్పు కాదు, తెల్లారేదాకా ఆగడం తప్పు. ముసలామెకు చలిజ్వరం, మాట తేడా అంటే గంటలు లెక్కబెట్టాల్సిన పరిస్థితి. ముసలివాళ్లలో మూత్రం ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకితే ముందు మారేది మాట, మతి. ఇది మీ సిలబస్‌లోనే ఉంది, ఫస్ట్ ఎయిడ్, ఎమర్జెన్సీ పేపర్ నాలుగో ఏట వస్తుంది. అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే చదువు.

ఇంగ తత్వం సంగతి. "జ్వరం శుద్ధి ప్రయత్నం" అనే మాటను మనవాళ్లు సగమే చెప్తారు. చికాగోలో లిండ్లార్ అని ఒకాయన ఉండె, మన ఫిలాసఫీ పేపర్లో సగం ఆయనదే. హీలింగ్ క్రైసిస్ గురించి అంత రాసిన ఆయనే దాన్ని రెండుగా విడదీసినాడు. ఒకటి హీలింగ్ క్రైసిస్, రెండోది డిసీజ్ క్రైసిస్. మనిషి బలం పుంజుకుంటాండగా వచ్చేది మొదటిది. రోగం పైచేయి అయినప్పుడు వచ్చేది రెండోది. పైకి చూస్తే రెండింట్లోనూ జ్వరం, విరేచనాలు, నీరసం ఒక్కతీరుగానే ఉంటాయి. మరి విడదీసేదెట్లా? నాడి, బీపీ, శ్వాస, ఆక్సిజన్, మూత్రం ఎంత పోస్తాండారు, మతి సరిగా ఉందా.. ఇవి చూసి. అంటే తత్వం నిలబడాలన్నా నీకు ఫిజియాలజీ, పాథాలజీ కావాల. ఆ రెండూ లేనివాడు ప్రతి బాధనూ "విషాలు పోతాండాయి" అని సర్దిచెప్తాడు. నేను అట్లా సర్దిచెప్పిన రోజులున్నాయి, అందుకే చెప్తాండా.

ప్రాక్టీస్ మొదలుపెట్టిన కొత్తలో, నేను పనిచేసిన ఒక సెంటర్లో, షుగర్ ఉన్న ఒక పెద్దాయనకు వేడి పాదస్నానం రాసినా. అటెండర్ చెయ్యి పెట్టి చూసి "బాగుంది సార్" అన్నాడు. ఆయనేమో "హాయిగా ఉంది నాయనా" అన్నాడు. పదేండ్ల షుగర్, పాదాలు ఎప్పుడో మొద్దుబారినాయి, వేడి తెలియడం లేదు. సాయంత్రానికి రెండు మడమలూ బొబ్బలు. ఆ పుండు మానడానికి మూడు నెలలు పట్టింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పటికీ పాదస్నానం అని రాసేటప్పుడు ఆ మడమలు కండ్లముందుకొస్తాయి.

అప్పటినుంచి నా దగ్గర నీళ్లకు థర్మామీటర్ ఉంది, అటెండర్ చెయ్యి కాదు. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు ముందు 10 గ్రాముల మోనోఫిలమెంట్‌తో (ఒత్తి చూసే సన్న నైలాన్ పోగు) స్పర్శ చూస్తా. తెలియకపోతే వేడి లేదు, అంతే. బీపీ 180/110 దాటినవాళ్లకు ఆవిరి గది తలుపు తీయను. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్ర వేసుకునేవాళ్లకు వాళ్ల డాక్టర్‌తో మాట్లాడకుండా ఉపవాసం పెట్టను, షుగర్ 70 కిందికి పడిపోతే మనిషి కుప్పకూలుతాడు. డాపాగ్లిఫ్లోజిన్ అనే ఇంకో షుగర్ మాత్ర వేసుకునేవాళ్లతో ఇంకా జాగ్రత్త. వాళ్లు పస్తుంటే షుగర్ పెద్దగా పెరగకపోయినా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులకు, మొదటి రకం షుగర్ వాళ్లకు, క్షయతో చిక్కిపోయినవాళ్లకు ఉపవాసం మాటే ఎత్తను.

ఇది తత్వానికి వ్యతిరేకం అనుకోవద్దు. మొదటి సూత్రం హాని చేయకు కదా.

డా. రేష్మా (కర్నూలు, జనరల్ మెడిసిన్)

నేను అల్లోపతి డాక్టర్‌ను. ప్రకృతి వైద్యం మీద నాకు కోపం ఉండేది, దాచను. ఉపవాసాల తరువాత ఇన్సులిన్ ఆపేసి స్పృహ లేకుండా వచ్చిన పిల్లల్ని చూసినాక ఎవరికైనా ఉంటుంది. "లంకణం పరమౌషధం" అంటూ జ్వరం వచ్చిన పసిబిడ్డకు నీళ్లు కూడా పట్టని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

అయినా భార్గవి ప్రశ్న బాగుంది, జవాబు చెప్పాలనిపించింది. క్రిమి ఒక్కటే చాలదనే మాటలో నిజముంది. మ్యూనిక్‌లో పెటెన్‌కోఫర్ అనే పెద్ద శాస్త్రవేత్త 1892లో కలరా క్రిములు పెంచిన ద్రవాన్ని తాగేసినాడు, కోహ్‌ది తప్పని చూపడానికి. కొంచెం విరేచనాలయినాయి, బతికినాడు. ఆయన గెలిచినట్టు కాదు. కలరా క్రిమి వల్లే వస్తుంది, అయితే క్రిమి పోయిన ప్రతి ఒంట్లోనూ ఒకే తీవ్రతతో రాదు, అంతే తేలింది.

క్షయనే చూడు. క్రిమి సోకినవాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది నూటికి అయిదు నుంచి పదిమంది. మిగతావాళ్ల ఒళ్లు దాన్ని అదుపులో పెట్టుకుంటుంది. తిండి చాలకపోయినా, షుగర్ ఉన్నా, హెచ్ఐవీ ఉన్నా ఆ అదుపు తప్పుతుంది. జార్ఖండ్‌లో చేసిన రేషన్స్ పరిశోధన ఫలితాలు 2023లో వచ్చినాయి. క్షయ రోగుల ఇంట్లో ఉండేవాళ్లకు మంచి తిండి సరుకులు ఇస్తే వాళ్లలో కొత్తగా క్షయ రావడం 39 శాతం తగ్గింది. తిండితో! ప్రభుత్వం క్షయ రోగుల తిండికని నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు ఇచ్చే 500 రూపాయలను 1000 కూడా చేసింది. కానీ గమనించు, ఆ ఇంట్లో జబ్బు పడిన మనిషికి తిండితో పాటు మందులూ ఇచ్చినారు. పప్పు, పాలపొడి ఇచ్చి క్షయ మందు రిఫాంపిసిన్ ఆపలేదు.

నీ ఫిలాసఫీ పేపర్‌కూ నా మైక్రోబయాలజీకీ మధ్య తలుపు ఇక్కడుంది అనుకుంటున్నా.

వీరన్న (కళ్యాణదుర్గం)

చదువుకున్నోళ్ల మధ్య మాట్లాడుతాండా, తప్పుంటే మన్నించండి. నేను శెనక్కాయ రైతును.

మేడమ్ చెప్పింది మాకు చేనులోనే తెలుసు. ఒకే సంచిలో విత్తనం. మా ఎర్రనేలలో ఒకతీరు, బావమరిది నల్లచేనులో ఇంకోతీరు. నేల బలంగా ఉంటే తెగులు వచ్చినా కొంత తట్టుకుంటాది. అట్లని ఆకు మీద తిక్క మచ్చ కనపడినాక "నేలకు ఎరువేస్తా, మచ్చ అదే పోతాది" అని కూర్చుంటే పైరు పోతాది. రెండూ చూసుకోవాల.

నాకు షుగరు ఎనిమిదేండ్లుగా. పోయినేడు ఒక చోట పది రోజుల క్యాంపుకు పోయినా. పేరు చెప్పను. మంచి జరగలేదని అనను. పొట్ట తగ్గింది, మోకాళ్ల నొప్పి తగ్గింది, కొర్రన్నం, ఆకుకూర, పొద్దున నడక అలవాటయినాయి, ఇప్పటికీ వదల్లేదు. మట్టి పట్టీ కడుపు మీద వేస్తే ఎంత హాయో! కానీ మొదటి రోజే మాత్రలన్నీ తీసి సంచిలో పెట్టించినారు. "ఇంగ వీటితో నీకు పనిలేదు" అన్నారు. నమ్మినా. ఇంటికొచ్చినాక రెండు నెలలు మాత్ర ముట్టలేదు. కాలికి చిన్న ముల్లు గుచ్చుకుంటే చీము పట్టింది, షుగరు చూపిస్తే నాలుగొందలు పైన. ఆపినోళ్లకు ఫోను చేస్తే "అది శుద్ధి, భయపడొద్దు" అన్నారు. అనంతపురం పెద్దాసుపత్రిలో వేలు మిగిల్చినారు, పుణ్యం కట్టుకున్నారు.

పాపా, నువ్వు డాక్టరయినాక ఎవరి మాత్రలూ సంచిలో పెట్టించొద్దు తల్లీ.

నల్లరేగడి (కర్నూలు)

వీరన్నా, చదివి చాలాసేపు ఊరుకున్నా. నీకు జరిగింది మా వృత్తి చేసిన తప్పే.

భార్గవీ, చట్టం కూడా ఇక్కడే వస్తుంది, రాసిపెట్టుకో. 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఒక పద్ధతిలో అర్హత ఉన్నవాళ్లు తమకు అర్హత లేని పద్ధతిలో వైద్యం చేస్తే అదే నిర్లక్ష్యం, వేరే రుజువు అక్కర్లేదు. అక్కడ హోమియో డాక్టర్ టైఫాయిడ్‌కు అల్లోపతి మందులిచ్చినాడు, మనిషి పోయినాడు. నేను దాన్ని ఇంకో వైపు నుంచి కూడా చదువుకుంటా. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ రాసే హక్కు నాకు లేదు, కాబట్టి దాన్ని ఆపే హక్కూ లేదు. తిండి మారి, బరువు తగ్గి షుగర్ నిజంగా దిగితే డోసు తగ్గించాల్సి వస్తుంది. ఆ పని ఆ మందు రాసిన డాక్టర్ చేయాల. నేను పది రోజుల షుగర్ రీడింగులు కాగితం మీద రాసి రోగి చేతికిచ్చి పంపుతా. మొదట్లో కొందరు డాక్టర్లు ఆ కాగితం పక్కకు తోసేసినారు. ఇప్పుడు వాళ్లలో ఇద్దరు మోకాళ్ల నొప్పి, ఊబకాయం కేసుల్ని నా దగ్గరికి పంపుతాండారు.

రెండోది, బోర్డులు. మన ఊర్లలో "షుగర్ శాశ్వతంగా మాయం" అని గోడల మీద రాస్తారు. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం షెడ్యూల్లో షుగర్, క్యాన్సర్ రెండూ ఉన్నాయి. వాటిని నయం చేస్తామని ప్రకటన వేస్తే నేరం. నీ క్లినిక్ బోర్డు మీద నీ పేరు, డిగ్రీ, వేళలు చాలు.

వినయ్ (అనంతపురం)

అన్నా, మధ్యలో వస్తున్నా. ఇంటర్ బైపీసీ అయింది, ఎంబీబీఎస్ సీటు రాలేదు. బి.ఎన్.వై.ఎస్. చేద్దామా అని ఇంట్లో గొడవ. ఏడాది డిప్లొమాతో కూడా "నేచురోపతి డాక్టర్" అని పెట్టుకోవచ్చని ఒకాయన చెప్పినాడు. నిజమా?

శైలజ (కడప)

వినయ్, నేను బి.ఎన్.వై.ఎస్. చేసి కడపలో ఎనిమిదేండ్లుగా చూస్తున్నా. కోర్సు నాలుగున్నరేండ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. శవాన్ని కోసి అనాటమీ చదవాలి, బయోకెమిస్ట్రీ, పాథాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ అన్నీ రాయాలి. ఏడాది డిప్లొమా దీనికి సమానం కాదు, ఆ మాట చెప్పినాయన దగ్గర డబ్బు కట్టొద్దు.

తెలుసుకోవాల్సింది ఇంకోటి. 2020 ఎన్.సి.ఐ.ఎస్.ఎం. (భారతీయ వైద్య పద్ధతుల జాతీయ కమిషన్) చట్టంలో ఆయుర్వేదం, యునాని, సిద్ధ, సోవా రిగ్పా (టిబెట్ వైద్యం) ఉన్నాయి, యోగా, నేచురోపతి లేవు. ఆయుష్ పేరులో ఉన్నాం, కేంద్ర రిజిస్ట్రేషన్ మండలి మాత్రం లేదు. 1978 నుంచి ఉన్న సి.సి.ఆర్.వై.ఎన్. పరిశోధన మండలి, డాక్టర్లను నమోదు చేసేది కాదు. అందుకే రాష్ట్రాన్ని బట్టి నిబంధనలు మారతాయి. చేరే ముందు ఆ కాలేజీ ఏ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద ఉందో, ఆ ఏటి నోటిఫికేషన్‌లో దాని పేరుందో చూడు. ఎంబీబీఎస్ రాలేదన్న బాధతో మాత్రం రావద్దు తమ్ముడూ. రోగితో గంటసేపు కూర్చుని ఏం తింటున్నావు, ఎప్పుడు పడుకుంటున్నావు అని అడిగే ఓపిక ఉంటే రా.

భార్గవీ, తత్వం గురించి నా మాట ఒకటి. మన దగ్గర చదివే పది సూత్రాల్లో "రోగం ఒక్కటే" ముందుంటుంది. ఉత్తర అమెరికాలో 1989లో అక్కడి ప్రకృతి వైద్యులు ఒప్పుకున్న ఆరు సూత్రాల్లో ఆ మాట లేదు. శరీరానికి తనను బాగుచేసుకునే శక్తి ఉంది, కారణాన్ని పట్టుకో, హాని చేయకు, మొత్తం మనిషిని చూడు, నేర్పు, రాకముందే ఆపు.. ఇవే. "డాక్టర్" అనే మాటకు లాటిన్‌లో "నేర్పేవాడు" అని అర్థమట. నాకు అదే నచ్చింది. మే నెలలో కడప ఎండలో ఎవరికైనా మధ్యాహ్నం సూర్యస్నానం చెప్తే వడదెబ్బే. నేను పొద్దున ఏడు లోపల అని చెప్తాను. పుస్తకం రాసింది చలిదేశంలో, మనం ఉండేది ఇక్కడ. ఆ తేడా చెప్పి నేర్పడం కూడా మన పనే.

రాయప్ప, రిటైర్డ్ టీచర్ (జమ్మలమడుగు)

ఒక్క విషయం మరిచిపోయినాను. గాంధీ గారు కూనేను, జర్మనీకే చెందిన ఇంకో ప్రకృతి వైద్యుడు అడాల్ఫ్ జస్ట్‌ను చదివి తన ఒంటి మీదే మట్టి పట్టీలు, తొట్టి స్నానాలు ప్రయోగించిన మనిషి. 1946లో పూనా దగ్గర ఉరుళీ కాంచన్‌లో ప్రకృతి చికిత్స ఆశ్రమం పెట్టించినారు. అంతకుముందు 1945 నవంబర్ 18న పూనాలో ఏర్పడిన ట్రస్టు గుర్తుగానే ఇప్పుడు ఆ తేదీని నేచురోపతి దినం చేసినారు. అటువంటి మనిషే 1924 జనవరిలో ఎరవాడ జైలులో ఉండగా అపెండిసైటిస్ ముదిరితే, పూనా సాసూన్ ఆసుపత్రిలో ఇంగ్లీషు సర్జన్ కత్తికి ఒళ్లప్పగించినారు. ఆ తరువాత ఇరవై ఏండ్లకు పైగా ప్రకృతి చికిత్సను వదల్లేదు.

నువ్వు అవ్వను ఆసుపత్రికి తీసుకపోయినందుకు నీ శాస్త్రం చిన్నబోదమ్మా.

భార్గవి (ప్రొద్దుటూరు)

అందరికీ చెయ్యెత్తి మొక్కుతున్నా. వీరన్న తాతా, మీ మాట గుర్తుంచుకుంటాను, ఎవరి మాత్రలూ సంచిలో పెట్టించను.

నల్లరేగడి అన్నా, మీరు తెల్లారేదాకా ఆగడం తప్పన్నారు. చదివి ఏడ్చినా, కానీ నిజమే. ఆ రాత్రి నేను అవ్వ నాడి కూడా చూడలేదు, జ్వరం ఎంతో కొలవలేదు. తత్వం గురించే ఆలోచిస్తా కూర్చున్నా. నిన్న థర్మామీటర్, బీపీ మిషన్ రెండూ కొనుక్కున్నా. ఒక నోట్‌బుక్ పెట్టి ఇంట్లోవాళ్లవి రాస్తున్నా. నాన్నకు 150/96 ఉంది, ఆయనకే తెలియదు. మళ్లీ రెండు రోజులు చూసి డాక్టర్ దగ్గరికి తీసుకపోతా. అప్పటిదాకా ఊరగాయ, అప్పడాలు తగ్గించమని చెప్పినా.

వచ్చే సెలవులకు మీ క్లినిక్‌కు వచ్చి చూడొచ్చా అన్నా?

నల్లరేగడి (కర్నూలు)

రా పాపా. రెండు రోజులు కాదు, మూడోరోజు కూడా చూడు, పొద్దున, సాయంత్రం, కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు ఆగినాక.

వేసవి దాటి వానలు పడకముందు వస్తే మన్ను తెచ్చే పని ఉంటుంది. మూడు అడుగుల లోతు తవ్వి, నల్లమన్ను తెచ్చి, ఎండబెట్టి, దంచి, జల్లెడ పట్టాల. ఆదోని పక్క పత్తి చేలల్లో దొరికేది వద్దు, ఏండ్ల తరబడి మందులు కొట్టిన నేల. మందు వాసన ఎరగని బీడు ఒకటి చూసిపెట్టినా. పాత బట్టలు తెచ్చుకో, నల్లరేగడి మరక పోదు.